అక్కకు మాత్ర ఇచ్చే ముందు

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

బావగారు పోయినప్పటి నుంచి పొద్దు వాలేసరికి అక్కను దిగులు, భయం కమ్ముకుంటున్నాయని, బీ కాంప్లెక్స్ మాత్రనే భయం తగ్గించే మందని చెప్పి ఇవ్వవచ్చా అని అడిగావు. ఇవ్వవద్దు. ఉద్యోగమంతా ఆసుపత్రి మందుల కౌంటరులో చేసినవాడిగా చెబుతున్నాను: అక్క ఏదో ఒక రోజు ఆ షీటును చిత్తూరులోనే ఏ మందుల షాపులోనో చూపించి అడుగుతుంది, ఆ తరువాత నువ్వు చేతిలో పెట్టే బీపీ మాత్రను కూడా అనుమానంగానే చూస్తుంది.

నిజానికి అబద్ధంతో పని లేదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు మరికొందరితో కలిసి 2020లో ప్రచురించిన ప్రయోగంలో, మనసును కలచివేసే చిత్రాలు చూపించే ముందు ముక్కులో కొట్టుకునే ఉప్పునీటి స్ప్రే ఇచ్చారు. ఇందులో మందేమీ లేదని, అయినా ఉపశమనం కలుగుతుందని నమ్మితే ఆ నమ్మకమే పనిచేయగలదని ఒక బృందానికి ముందుగానే వివరించారు. రెండో బృందానికి అదే స్ప్రేను వేరే కారణం చెప్పి ఇచ్చారు. నిజం తెలిసి తీసుకున్నవారు తమకు బాధ తక్కువగా కలిగిందన్నారు. అంతేకాదు, వేరే వారితో ఇలాగే చేసిన రెండో ప్రయోగంలో, ఉద్వేగంతో పాటు పెరిగే మెదడు విద్యుత్ సంకేతం కూడా నిజం తెలిసి తీసుకున్నవారిలో తగ్గింది. మొహమాటానికి బాగుందని చెప్పి ఉంటారన్న సందేహం నాకు దీనితోనే తీరింది. అయితే వారు చూసినవి చిత్రాలు, అక్క మోస్తున్నది తోడు పోయిన దుఃఖం. అంత ఫలితం ఇక్కడా కనిపిస్తుందని అనుకోవద్దు.

అందువల్ల అక్కను పక్కన కూర్చోబెట్టుకొని ఈ సంగతంతా ఉన్నదున్నట్టు చెప్పు. మాత్ర అక్కరలేదు, గోరువెచ్చని సోంపు నీళ్లు చాలు. రోజూ దీపం పెట్టే వేళకు ముందు, అదే గ్లాసులో, నీ చేతులతో ఇచ్చి, ఆమె తాగేంత సేపూ ఫోను పక్కన పెట్టి దగ్గరే కూర్చో. “ఇందులో మందు లేదమ్మా, కానీ ఇది తాగాక మనసు కుదుటపడడం నీ ఒంటికి అలవాటు కావచ్చు” అను. ఆమె వద్దంటే బలవంతం చేయకు. కాణిపాకం తీర్థాన్ని మాత్రం ఈ పనికి వాడవద్దు. అది ఆమె భక్తి, దాన్ని మన ప్రయోగంలో కలపడం నాకు ఇష్టం లేదు.

ఇంట్లో మాటలను కూడా గమనించు. “ఈ రాత్రి కూడా నిద్ర పట్టదేమో” అని ఎవరైనా అంటే ఆ ఎదురుచూపు కూడా పనిచేస్తుంది, కాకపోతే చెడువైపు.

ఇవన్నీ బాధను కొంత తేలిక చేసేవే గాని జబ్బును నయం చేసేవి కావు. గుండె దడ ఉందని రాశావు కాబట్టి ముందు ఈసీజీ తీయించు, బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానిపించకు. నిద్ర, తిండి ఇలాగే తగ్గుతూ పోతే తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకురా, నేను వెంట ఉంటాను. రాత్రివేళ మరీ కంగారుగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోను చేయి.

ఇట్లు,
మీ మామ