చెరువు పోతే కోడలి పాదం ఏం చేసిందమ్మా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అల్లూరు దగ్గర రొయ్యల చెరువు వరసగా రెండు పంటలు వైట్ స్పాట్‌కు పోయింది, మీరు కాలు పెట్టినప్పటి నుంచే ఇంటికి శని పట్టిందని అత్తగారు అంటున్నారు, మీ ఆయనేమో 'అంతా మన ప్రారబ్ధం' అంటూ రెండు నెలలుగా మంచం దిగడం లేదు, మీరు జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో నిద్ర కూడా చేసి వచ్చారు. ఇప్పుడు కావలిలో బట్టల షాపులో లెక్కలు రాసే పని దొరికింది, వెళ్తే కర్మకు ఎదురెళ్లినట్టా అని మీ ప్రశ్న.

ముందు చెరువు సంగతి. వైట్ స్పాట్ ఒక వైరస్. సీడ్‌తో, అంటే చెరువులో వదిలే రొయ్య పిల్లలతో వస్తుంది, నీళ్లతో వస్తుంది, గట్టు దాటే పీతలు మోసుకొస్తాయి. 1990ల మధ్యలో మన కోస్తాలో ఎన్నో చెరువులు దీనికే పోయాయి, ఆ ఇళ్ల కోడళ్లందరూ ఏం పాపం చేశారు? గట్టు వారకు చేరి నీరసంగా తిరిగే రొయ్యను చేత్తో పట్టి, పెంకు మీద తెల్ల చుక్కలు చూశానని మీరే రాశారు. ఆ చుక్కల్లో మీ జాతకం లేదమ్మా.

ఇక కర్మ. పెద్దలు బాణాలతో పోల్చి చెబుతారు: పొదిలో ఉన్నవి సంచితం, అంటే కూడబెట్టుకున్న పాత కర్మ; వదిలేసింది ప్రారబ్ధం, అంటే ఇప్పుడు అనుభవిస్తున్నది; చేతిలో ఉన్నది ఆగామి, అంటే ఇక చేయబోయేది. పోయిన పంటలు వదిలేసిన బాణమే, ఏడ్చినా వెనక్కి రావు. రేపు పొద్దున బస్సెక్కాలా వద్దా అన్నది మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉంది. గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పాడు కృష్ణుడు: ఆధారం, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. మీ ఇంట్లో నాలుగూ వదిలేసి ఐదోదాన్నే పట్టుకున్నారు. అదే అధ్యాయంలో అంతా చెప్పాక, బాగా ఆలోచించి నీకెలా తోస్తే అలా చెయ్యమని అర్జునుడికే వదిలేస్తాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది.

పనికి వెళ్లండి. అత్తగారితో వాదన పెట్టుకోకండి, కొడుకు అలా పడుకుంటే ఆమెకూ భయమే.

మీ ఆయన గురించే నాకు ఎక్కువ దిగులు. అన్నం సయించక, రాత్రంతా కప్పు చూస్తూ పడుకోవడం డిప్రెషన్ కావచ్చు, ఈ వారంలోనే నెల్లూరు తీసుకెళ్లి సైకియాట్రిస్ట్‌కు చూపించండి. అప్పుల టెన్షన్‌లో చావు మాట ఎత్తితే ఒంటరిగా వదలకండి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కోలుకుని మళ్లీ చెరువు వేస్తానంటే సీడ్‌లో వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ టెస్ట్ చేయించమనండి, గట్టు చుట్టూ పీతలు రాకుండా వల కట్టించమనండి. ఆయన ఎలా ఉన్నారో నాకు మళ్లీ రాయండి.