చివరి షాట్లు ఎడమకు పోతుంటే

ప్రశ్న: సరదా కొద్దీ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటున్నాను. మొదట చక్కగా తగిలే పెల్లెట్లు చివరికి వచ్చేసరికి ఎడమకు పోతున్నాయి. రేంజికి వెళ్లడం ఆదివారమే కుదురుతుంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరే కనుక, 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చే క్రమంలో అలసిన నడుము కాస్త తిరిగినా గురి తప్పుతుంది. వెంటనే సైటు (రైఫిల్ మీది గురిచూసే పరికరం) తిప్పేయకండి. గురిపెట్టి, కళ్లు మూసుకుని, ఊపిరి తీసి వదిలి, మళ్లీ తెరిచినప్పుడు గురి పక్కకు జరిగి ఉంటే, చేతులతో లాగకుండా పాదాలను కొద్దిగా జరిపి సరిచేసుకోండి. వారానికి ఒక్కరోజేనన్న మీ బాధ న్యాయమైనదే. సొంత రైఫిల్ ఉండి, అందులో డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే) సదుపాయం ఉంటే, లోపల పెల్లెట్ లేదని రూఢి చేసుకుని, ఇంట్లో రోజూ కాసేపు గోడమీది చుక్కకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కండి; నొక్కాక కూడా క్షణకాలం కదలకుండా నిలబడండి.