సినిమా సందేహాలు: బొమ్మ సన్నబడితే టీవీని తిట్టకండి

ప్రశ్న: స్పైక్ లీ తీసిన ‘క్రూక్లిన్’ చూస్తుంటే మధ్యలో ఉన్నట్టుండి మనుషులంతా సాగదీసినట్టు సన్నగా, పొడుగ్గా అయిపోయారు. కాసేపటికి మళ్లీ మామూలైంది. ఇది టీవీ లోపమా, కాపీ పాడైందా?

జవాబు: రెండూ కాదు, దర్శకుడు కావాలనే చేశాడు. 1994లో సినిమా విడుదలైనప్పుడు ప్రొజెక్టర్ చెడిపోయిందని జనం గోల చేయకుండా, అది లోపం కాదంటూ థియేటర్లలో నోటీసులు అంటించారు.

జరిగిందేమిటంటే, అనామార్ఫిక్ లెన్స్ వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి ఫిల్మ్ మీదికి ఎక్కిస్తుంది. తెరమీద వేసేటప్పుడు దాన్ని మళ్లీ విప్పాలి. లీ, ఛాయాగ్రాహకుడు ఆర్థర్ జఫా ఆ విప్పే పని చేయలేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో నలుగురు అన్నదమ్ముల మధ్య పెరుగుతున్న ట్రాయ్ అనే పిల్లని తల్లి వేసవిలో అమెరికా దక్షిణాదిలోని బంధువుల ఇంటికి పంపుతుంది. అక్కడున్నంతసేపే ఈ నొక్కుడు. కుక్కను నెత్తిన పెట్టుకునే ఆ శుభ్రమైన ఇంట్లో ట్రాయ్‌కి ఏదీ పొసగదు. ఆ ఇబ్బందిని మాటల్లో చెప్పించకుండా మన కంటికి తగిలించాడు. నన్నడిగితే ఆ ముక్క కొంచెం ఎక్కువసేపే సాగింది, కానీ ఎత్తు మాత్రం పారింది.

టీవీ మీద ఇంకా అనుమానముంటే బ్రూక్లిన్ సన్నివేశాల్లో ఏదైనా కంచాన్నో, చక్రాన్నో చూడండి. గుండ్రంగా ఉంటే సెట్టింగ్ సరిగానే ఉన్నట్టు. మొదటి నుంచీ అందరూ సన్నగానే కనిపిస్తే మాత్రం పిక్చర్ సైజ్‌ను ‘ఒరిజినల్’కు మార్చాలి. మధ్యలో ‘స్ట్రెచ్’ నొక్కారో, ట్రాయ్ ఇంటికి తిరిగొచ్చేసరికి అందరి మొహాలూ ఉబ్బిపోతాయి.

ప్రశ్న: అదే సినిమా పన్నెండేళ్ల పాపతో చూడొచ్చా? మొదటి గంటలో కథే లేదంటున్నారు.

జవాబు: చూడొచ్చు. అమెరికాలో దీనికి పీజీ-13 ఇచ్చారు, అంటే పదమూడేళ్ల లోపు పిల్లలకు కొన్ని సంగతులు తగకపోవచ్చని పెద్దల్ని హెచ్చరించే రేటింగ్. వీధిలో జిగురు పీల్చే మత్తుగాళ్లున్నారు, బూతులున్నాయి. వీటికంటే ముఖ్యంగా, చివర్లో ట్రాయ్ తల్లి క్యాన్సర్‌తో చనిపోతుంది. ఈ సంగతి పాపకు ముందే చెప్పాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి.

కథ లేదనేవాళ్లు డబ్బును గమనించలేదన్నమాట. తండ్రి జాజ్ సంగీతకారుడు, తనకు నచ్చిన సంగీతమే వాయిస్తానంటాడు. ఇల్లు టీచరైన తల్లి జీతం మీద నడుస్తుంది. కరెంటు బిల్లు కట్టక దీపాలు ఆరిపోతాయి. ఫుడ్ స్టాంపులతో సరుకులు తేవడానికి ట్రాయ్ సిగ్గుపడుతుంది. ప్రభుత్వం అప్పట్లో పేదలకిచ్చిన ఆ కూపన్లను పక్కవాళ్లు చూస్తారేమోనని ఆ పిల్ల పడే అవస్థే ఒక కథ. తల్లి ఎందుకు అంత గట్టిగా అరుస్తుందో కూడా అక్కడే తెలిసిపోతుంది. తల్లి పాత్ర వేసిన ఆల్ఫ్రె వుడర్డ్ ఆ అరుపుల కింద అలసటను దాచిన తీరు కోసమైనా రెండోసారి చూడాలి.

మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే వీధి ఆటల్ని దాటేయకండి. సినిమా నడక అక్కడే పట్టుబడుతుంది. స్క్రిప్టును లీ తన తోబుట్టువులు జోయీ, సింకేలతో కలిసి రాశాడు కాబట్టి, ఇంట్లో మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. పెట్టుకున్నా అన్నీ అందవు. పిల్లల అరుపుల్లో సగం పోయినా నష్టం లేదు, వెనక్కి తిప్పుతూ కూర్చోవద్దు.