మాస్కు ఇచ్చారు, చాలదా?

తమ్ముడూ, వంటింటి గట్లకి వేసే క్వార్ట్జ్ పలకలు కోసే పనిలో చేరావు, మాస్కు ఇచ్చారు, ఇంకా భయపడాలా అని అడిగావు. భయపడాలి.

నేను చేరిన కొత్తలో మాస్కు కూడా పెట్టుకోలేదులే. మాకు పలకకి ఇంత అని లెక్క. బ్లేడు మీద నీళ్లు పడుతుంటే పని సాగట్లేదని పైపు కట్టేసి పొడిగానే కోసేవాణ్ణి. రోజుకి రెండు పలకలు ఎక్కువ తెగితే ఇంటికి పంపేది ఆ మేరకు పెరుగుతుంది కదా! సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లగా అయ్యేవి. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకుని, పొడి చీపురుతో నేల ఊడ్చేవాణ్ణి. అంటే నేల మీద పడ్డ దుమ్ముని లేపి మరీ పీల్చేవాణ్ణన్నమాట. ఆ చొక్కాతోనే వెళ్లి మంచమెక్కేవాణ్ణి.

ముతక దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగుతుంది. రాయిలో ఉండే సిలికా అనే ఖనిజం కంటికి కనపడనంత సన్న దుమ్మై ఊపిరితిత్తుల అడుగు దాకా పోయి మచ్చలు కడుతుంది. ఆ జబ్బే సిలికోసిస్, అది వచ్చిందంటే నయం చేసే మందు లేదు. మనం కోసే ఈ కృత్రిమ రాయిలో సిలికా 90 శాతం పైన కూడా ఉంటుంది. ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి దీన్ని నిషేధించింది.

రెండో ఏడు నాకు దగ్గు పట్టుకుంది. ఓవర్‌టైం పోతుందని ఆరు నెలలు నోరు మెదపలేదు. తర్వాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు, జీతం లేని సెలవులు. ఎక్కువ కోసి సంపాదించిందంతా పోయి, పైన అప్పు మిగిలింది. ఊపిరితిత్తులు మాత్రం బాగానే ఉన్నాయన్నారు, బతికిపోయాను.

అప్పుడు తెలిసింది, మాస్కు ఆఖరి వరసలోదని. ముందు నీళ్లతో దుమ్ము లేవకుండా చూడాలి, లేచినదాన్ని బ్లేడు దగ్గరే మిషను లాగేయాలి, ఇంకా మిగిలినదానికే మాస్కు. అదీ ముఖానికి అతుక్కోవాలి. గడ్డం ఉంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది. ముచ్చటపడి పెంచుకున్న గడ్డం తీయడానికి నాకు ఏడాది పట్టింది! మీ కుర్రాళ్లకి ఇంకా కష్టమనుకుంటా.

నిబంధనలు లేబర్ శాఖ సైట్‌లో ఉంటాయి, చూసుకో. ఊపిరితిత్తుల పరీక్ష ఖర్చు ఎవరిదో కూడా అక్కడే తెలుస్తుంది. రేటు మాట్లాడేటప్పుడు మాత్రం మొహమాటపడకు. తడిపి కోస్తే పలకకి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసుకుని, ఆ లెక్క మీదే అడుగు. నేను ఆలస్యంగానైనా అలాగే అడిగాను, కాస్త గొణిగినా ఒప్పుకున్నారు.