తక్కువ ధర అకూస్టిక్ గిటార్ శబ్దం మెరుగుపడాలంటే ఏం చేయాలి?

ఐదారు వేలకు కొన్న గిటార్ డబ్బా మోగినట్టు ఉందంటున్నారు కదా, ముందు తీగలు మార్చండి. కొన్నప్పుడు ఉన్న తీగలు చాలాసార్లు నాసిరకానివి, పైగా షాపులో వేలాడి తుప్పు పట్టి ఉంటాయి. ఫాస్ఫర్ బ్రాంజ్ సెట్ కాస్త వెచ్చగా, 80/20 బ్రాంజ్ (80 శాతం రాగి, 20 శాతం జింకు) గలగలమంటూ మోగుతుంది. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ అయితే మాత్రం స్టీలు తీగలు వేయకండి, ఆ బిగువుకు బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే చెక్క) ఊడిపోవచ్చు.

అసలు తేడా తెచ్చేది సెటప్, అంటే తీగల ఎత్తు సరిచేయడం. 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సుమారు 2.5 మి.మీ. ఎడం చాలు. ఎక్కువుంటే వేళ్లు నొప్పి, పైగా నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి పైకి పోతుంది. శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) అడుగును గరుకు కాగితం మీద రుద్ది తగ్గించవచ్చు: 1 మి.మీ. అరిగితే 12వ ఫ్రెట్ దగ్గర అర మి.మీ. తగ్గుతుంది. అడుగు సమంగా ఉండాలి సుమా! వంకరగా ఉంటే కొన్ని తీగలు మూగబోతాయి. నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడులు లోతు చేయడం మాత్రం రిపేరు తెలిసినవాళ్లకే వదిలేయండి. ఒక్కసారి ఎక్కువ కోస్తే కొత్త నట్ కొనాల్సి రావచ్చు.

ప్లాస్టిక్ శాడిల్ తీసి ఎముకది వేస్తే కొంచెం స్పష్టత వస్తుంది, అద్భుతాలేం జరగవు. పైపలక ప్లైవుడ్‌దైతే దాన్ని మార్చలేం. పిక్ (తీగలు మీటే బిళ్ల) మందం మార్చి చూడండి, ఖర్చు ఇరవై రూపాయలే.