బేసు వాయించిన చెయ్యి

కింగ్‌స్టన్, జమైకా

అమ్మడూ,

నా పాత రిడిమ్‌ని, అదే, పాట కింద నడిచే ఆ బేసూ తాళాన్ని, మళ్ళీ కట్టి, దాని మీద పన్నెండు మంది చేత పాడించి ఆల్బమ్ తెస్తున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఒక్క పిల్లకైనా నా పని గుర్తుందన్న సంబరం కొంత, మిగతాది భయం.

పని సంగతి నీకు నేను చెప్పాలా? వచ్చినవాళ్ళంతా డ్యాన్సు మీదే రాసుకొస్తారు, ఎవరు దేని మీద పాడాలో ముందే పంచెయ్యి. గొంతు లేని వెర్షన్ ఒకటి చివర్లో ఉంచు, డ్యాన్సుల్లో రికార్డులు వేసే సెలెక్టర్లకు అదే కావాలి. పెద్ద పేరున్నవాడి కోసం నెలల తరబడి ఆగకు. మన ప్రొడ్యూసర్ లెంకీ కట్టిన దివాళీ రిడిమ్ చూడు, అవే చప్పట్ల మీద పాడి షాన్ పాల్, వేన్ వండర్ ఇద్దరూ అమెరికా దాకా వెళ్ళారు. రిడిమ్‌లో సత్తా ఉంటే అందరికీ చోటుంటుంది.

ఇక హక్కుల కాగితాలు. ఇది చదివేటప్పుడు ఆ ఫోను పక్కన పెట్టు.

ఆ పాత రిడిమ్‌లో బేసు గిటారు వరస నాది కాదు. 1984లో ఒక కుర్రాడు మధ్యాహ్నం వచ్చి, అన్నం కూడా తినకుండా, రెండోసారికే వాయించేశాడు. చేతిలో నలభై డాలర్లు పెట్టాను. లేబుల్ మీద నా పేరొక్కటే వేయించాను. అప్పట్లో అందరూ అదే చేసేవాళ్ళు అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

మరుసటేడు ఈ ఊళ్ళోనే వాటర్‌హౌస్ పేట నుంచి ప్రొడ్యూసర్ జామీ స్లెంగ్ టెంగ్ అనే రిడిమ్ తెచ్చాడు. చిన్న కాసియో కీబోర్డులో ముందే ఉన్న తాళం అది. ఊరంతా కీబోర్డుల వెంట పడింది. బేసు గిటారు భుజాన వేసుకొచ్చినవాళ్ళను గుమ్మంలోంచే పంపేశాం. ఆ కుర్రాణ్ణీ పంపేశాను. అప్పటికే మా పాట లండన్‌లో అమ్ముడుపోతోంది, డబ్బు నాకే వస్తోంది.

తర్వాతెప్పుడో హాఫ్ వే ట్రీలో బస్సు కోసం నిలబడి కనిపించాడు. కారు ఆపాను. ఎక్కలేదు. "నీ రిడిమ్ బాగా నడుస్తోందట" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు.

ఇప్పుడతను లేడు. నవ్వకు, కంప్యూటర్లో బేసు వేసుకోవడం నీకు పది నిమిషాల పనని తెలుసు. కానీ ఆ వరస అతని వేళ్ళలోంచి వచ్చింది. ఏ పాటలో ఎవరికెంత వాటానో గొంతు రికార్డు చెయ్యకముందే రాయించు. పాట ఆడిందాకా ఆగితే స్నేహితులే నోరు మెదపరు. భోజనం వేళకు తిను, స్టూడియోలో నీకు తిండి ధ్యాస ఉండదు.

శనివారం పేపీన్ మార్కెట్‌కి వెళ్ళు. అతని కూతురు అక్కడ పెండలం దుంపలు అమ్ముతుంది. ముందు దుంపలు కొను, తర్వాత మాట కదుపు. నా పేరు వినగానే మొహం తిప్పుకుంటే బతిమాలకు, మళ్ళీ వారం వెళ్ళు. ఆమె సంతకం అయ్యాకే నా దగ్గరికి కాగితం తీసుకురా.

మీ మామయ్య