పర్లాకిమిడి పిల్లలకు ఒక తెలుగు చానల్

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 30 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మనవరాలికి తెలుగు మాటొచ్చు, అక్షరం రాదు. ఇక్కడి పిల్లలకు కథలు, పద్యాలతో చానల్ పెట్టాలనుంది. లైసెన్సు ఎవరిస్తారు?

జవాబు: మాస్టారూ, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వచ్చిన మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. శాటిలైట్ చానల్‌కు అనుమతిచ్చేది కేంద్ర సమాచార ప్రసార శాఖ. 2022 మార్గదర్శకాల ప్రకారం కంపెనీగా గానీ ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉండే భాగస్వామ్య సంస్థ)గా గానీ దరఖాస్తు చేయాలి. వార్తల చానల్‌కు 20 కోట్లు, మిగతా వాటికి 5 కోట్ల నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) చూపాలి. పిల్లల పద్యాలకూ ఇంత సొమ్మా అంటే నాకూ బాధే. అయితే మీకు అంత దూరం అక్కర్లేదు. ఆ శాఖ దగ్గర రిజిస్టరైన ఎంఎస్‌ఓ (ఊళ్లోని కేబుల్ ఆపరేటర్లకు చానళ్లు అందించే పెద్ద కేబుల్ సంస్థ) సొంత లోకల్ చానల్ నడపొచ్చు, ఒక్కోదానికి రుసుము 1,000 రూపాయలే. మీ కథలకు, పద్యాలకు అందులో రోజూ అరగంట ఇవ్వమని మీ కేబుల్ వాళ్లను అడగండి.